మాస్కులో లీకు

తవిటయ్య మాస్కు పట్టీని వెనక్కి లాగి ఇంకొంచెం బిగించాడు. ముక్కు దూలం మీద నిన్నటి ఒరుపు మానలేదు. రబ్బరు అంచు సరిగ్గా దాని మీదే కూర్చుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా చుట్టూ వేలితో తడిమి చూసుకున్నాడు, ఎక్కడా సందు లేదు కదా అని.

"అంత బిగించేత్తారేటి? మొకం మీద రగతం వత్తంది," అంది పద్మకుమారి గుమ్మంలో నిలబడి.

అతను చెయ్యి ఊపి పడుకున్నాడు. మాస్కులోంచి మాట బయటికి రాదు. వచ్చినా ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

నైట్ షిఫ్టు దిగి, నది మీది మాంగో వంతెన దాటి వచ్చి, ఇంత తిని పడుకునే వేళ అది. సందులో చాపాకల్, అదే చేతిపంపు, కొడుతున్న చప్పుడు, ఆటోల హారన్లు. కిటికీకి కట్టిన దుప్పటి అంచులోంచి ఎండ గీతలా మంచం మీద పడుతోంది. పక్కన స్టూలు మీద మెషీను పనిచేస్తోంది. దాని నుంచి గొట్టం మాస్కులోకి పోతుంది. నిద్రలో గొంతు మూసుకుపోకుండా ఆ గాలి తెరిచి పట్టుకోవాలి. డాక్టరు చెప్పింది అదే.

గొంతు సంగతి సరే. ముందు ముక్కు మూసుకుంటోంది.

పడుకున్న కాసేపటికి ఎడమ రంధ్రం బిగుసుకుంటుంది. పక్కకి తిరిగితే అది వదిలి కుడిది మూసుకుంటుంది. తర్వాత రెండూ. వాల్వు మూసి వెనక నుంచి బ్లోయరు తోలినట్టు గాలి వచ్చి మూసిన ముక్కుని గుద్దుతుంది. చెవుల్లో టప్‌మంటుంది. నోరు తెరుచుకుంటుంది. అంగిలి ఎండి నాలుక పాత తోలుముక్కలా అవుతుంది. లేచి కూర్చుని మాస్కు పీకి మంచం మీద పడేస్తాడు. అక్కడితో ఆ పూట నిద్ర అయిపోతుంది.

వాము కాల్చి గుడ్డలో కట్టి వాసన చూశాడు. పసుపు వేసిన నీళ్ల ఆవిరి పట్టాడు. మందుల షాపువాడు ఇచ్చిన చుక్కలు వేసుకుంటే మొదట్లో ముక్కు నల్లా తిప్పినట్టు తెరుచుకునేది. ఇప్పుడు వేసిన కాసేపే. ఆ తర్వాత ముందుకంటే గట్టిగా బిగుస్తోంది. బిగుస్తే మళ్లీ చుక్కలు. సీసా తలగడ కిందే ఉంటోంది.

ముక్కుతో పాటు నోరు కూడా కప్పే పెద్ద మాస్కు మార్చి తెచ్చుకున్నాడు. దానికి ముందువైపు, గొట్టం తగిలించే చోట, సన్నటి చిల్లులు ఉన్నాయి. వాటిలోంచి ఎప్పుడూ స్ స్ స్ అని గాలి పోతూనే ఉంటుంది. ఆ చప్పుడు అతన్ని పడుకోనివ్వడం లేదు.

మామూలు మనిషైతే పట్టించుకోడు. తవిటయ్య స్టీలు కార్ఖానాలో గ్యాస్ లైను గ్యాంగు మనిషి. మీసాలు రాని రోజుల్లో సోంపేట వైపు నుంచి వచ్చి అందులో చేరాడు. ఆ లైనులో పోయే గ్యాసుకి రంగు లేదు, వాసన లేదు. పీల్చినవాడు ఉన్నచోటే కూలిపోతాడు. ఆ గ్యాంగులో స్ అనే చప్పుడు వినబడితే ఎవరూ నడవరు, పరిగెత్తుతారు. నిద్రలో వినబడినా అతని కాళ్లు కదులుతాయి.

ఇక నీళ్ల సంగతి. మెషీనుకి ఒక పక్క నీళ్ల డబ్బా ఉంది. అందులో నీళ్లు పోయకపోతే ముక్కు ఎండిపోతుందని కూతురు స్మిత మెషీనుతో వచ్చిన పుస్తకం చదివి మొదటి రోజే తన హిందీలో చెప్పింది.

"పాపా, ఇస్‌మే పానీ డాల్‌నా హై. నహీ తో నాక్ సూఖ్ జాయేగీ."

"గేస్ లైన్లో నీళ్లేటే? నీళ్లు సేరితే లైను జామైపోద్ది. నీళ్లు తీసెయ్యడానికే మనకొక గేంగుంది."

"యే గ్యాస్ లైన్ నహీ హై, పాపా."

"గాలొచ్చేదేదైనా లైనే."

డబ్బా ఎండిపోయే ఉంది. మాఘమాసపు పొడి చలి, రోడ్డు దుమ్ము, మెషీను తోలే ఎండు గాలి. ముక్కులో పొరలు పుండయ్యాయి.

ఇదంతా ఎందుకు భరిస్తున్నాడో ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

గ్యాస్ లైను ఆపి లోపల మసి తీసేటప్పుడు ఒక మనిషి గాలి సిలిండరూ మాస్కూ ఉన్న ఊపిరి సెట్టు తగిలించుకుని దిగుతాడు. అతని నడుముకి తాడు. తాడు రెండో కొస బయట నిలబడ్డవాడి చేతిలో. లోపలివాడు ఒకసారి లాగుతాడు, బాగున్నాను అని. బయటివాడు ఒకసారి లాగుతాడు, ఉన్నాను అని. బయటివాడు కూర్చోకూడదు. గ్యాంగులో ఇది రాసిపెట్టిన రూలు కాదు, అంతకంటే గట్టిది. కూర్చుంటే కునుకు వస్తుంది.

దసరా ముందు షట్‌డౌన్‌లో లోపలికి దిగింది గౌరీశంకర్, పద్మకుమారి తమ్ముడు. బయట తాడు పట్టుకున్నది తవిటయ్య. ఆ రోజు కాళ్లు పీకి, బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు. గౌరీశంకర్ తాడు లాగాడు. జవాబు లేదు. మళ్లీ లాగాడు. మళ్లీ. చీకట్లో మసిలో పాక్కుంటూ తనంతట తానే బయటికి వచ్చి చూస్తే, బావ తాడు ఒళ్లో పెట్టుకుని గురక పెడుతున్నాడు.

ఎవరికీ ఏమీ కాలేదు. విచారణలో తవిటయ్య ఒక్కటే మాట చెప్పాడు. "కూకున్నాను సార్." అతన్ని టూల్‌రూములోకి మార్చారు. పరీక్షలు చేస్తే నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు బయటపడింది. అందుకే పగలు కూడా కునుకు తీస్తాడట. మాస్కు పెట్టుకుని సరిగ్గా నిద్రపోతే, ఫిట్ అని డాక్టరు రాస్తే, మళ్లీ గ్యాంగులోకి తీసుకుంటామన్నారు.

గౌరీశంకర్ మాత్రం మొహం మీదే అనేశాడు. "డాక్టరు ఫిట్ అంటే సరిపోద్దేటి బావా? దిగాల్సినోణ్ణి నేను కదా."

అప్పటినుంచి అక్క గడప తొక్కలేదు.

పద్మకుమారే ఫోన్ చేసింది. "ఆయన ముక్కుకి ఊపిరాడ్డం నేదురా. మిసను సప్పుడుకి తొంగోడం నేదు. నువ్వొచ్చి ఓపాలి సూడు. నీకూ తెలుసు కదా ఆ మాస్కుల సంగతి."

మర్నాడు షిఫ్టు దిగి బావా బావమరిదీ వేరువేరుగా వచ్చారు. గౌరీశంకర్ బూట్లు విప్పి లోపలికి వచ్చి మంచం దగ్గర నిలబడ్డాడు. బావ ముఖం చూశాడు. ముక్కు మీద ఎర్రటి గాటు, బుగ్గల మీద పట్టీల చారలు.

"ఏటి బావా, ఏనుగుకి కళ్లెం కట్టినట్టున్నావు."

"కళ్లెం ఏనుక్కి కాదెహె, గుర్రానికి."

"గుర్రమంత సన్నంగా ఎక్కడున్నావు నువ్వు?"

పద్మకుమారి నవ్వింది. తవిటయ్య మూతి కదిలింది. అంతే. గౌరీశంకర్ మెషీను ఆన్ చేసి, మాస్కుని బావ ముఖానికి ఆన్చి, చెవి పెట్టి విన్నాడు.

"లీకుంది."

"ఉంది," అన్నాడు తవిటయ్య. ఆ మాటతో ఇద్దరి కళ్లూ ఒకేసారి వెలిగాయి. పనిలో పడ్డ మనుషుల కళ్లు అవి. చాలా రోజులైంది వాళ్లిద్దరూ ఒకే లీకు వెతికి.

"అక్కా, గిన్నెలో సబ్బు నురగ తే. గెడ్డం గీసే బ్రష్షు కూడా."

లైను మీద ఎలా రాస్తారో అలాగే రాశాడు, మాస్కు అంచు చుట్టూ, గొట్టం అతుకు దగ్గర. అంచు దగ్గర ఒక్క బుడగ లేదు. ముందున్న సన్నటి చిల్లుల దగ్గరికి వచ్చేసరికి నురగ పొంగి, బుడగలు గుత్తులుగా లేచాయి.

"దొరికింది!" అన్నాడు గౌరీశంకర్. "గాలంతా ఇటే తగలేత్తంది. మరి ముక్కులోకేటి పోద్ది బావా?"

"కొత్త మాలే, చిల్లులు పడి ఒచ్చింది. ఎదవ షాపోడు."

నల్ల టేపు తెచ్చి చుట్టారు. ఒక వరస, దాని మీద ఇంకో వరస. మళ్లీ నురగ రాశారు. బుడగ లేదు. చప్పుడు లేదు. గౌరీశంకర్ బొటనవేలు ఎత్తి చూపించాడు, ప్లాంటులో చూపించినట్టే. తవిటయ్య కూడా ఎత్తి చూపించాడు.

తలగడ కింది చుక్కలు వేసుకుని, మాస్కు బిగించి పడుకున్నాడు తవిటయ్య. గది నిశ్శబ్దమైంది.

వంటగదిలో పద్మకుమారి చేతులు ఆగాయి. ఇన్నాళ్లూ ఆమె వంట చేసుకుంటూ ఆ చప్పుడు వినేది. ఆయన ఊపిరి తీసుకుంటే స్ అనేది సన్నమయ్యేది. వదిలితే పెద్దదయ్యేది. సన్నం, పెద్ద, సన్నం, పెద్ద. గదిలోకి వెళ్లి చూడకుండానే ఆమెకి మొగుడు బాగున్నాడని తెలిసేది. ఇప్పుడు ఏమీ తెలియడం లేదు.

"ఒరే శంకరా, రేషను ఇయ్యాలే ఆఖరంట. ఏలిముద్ర నేనే ఎయ్యాల. నువ్వు కాసేపు కాసుకో. ఒగ్గేసి ఎల్లకు."

"ఎల్లు అక్కా. నేనున్నాను కదా."

ఆమె సంచీ తీసుకుని గుమ్మం దాకా వెళ్లి వెనక్కి చూసింది. తమ్ముడు కుర్చీ మంచం పక్కకి లాక్కుంటున్నాడు. అతనూ రాత్రంతా పనిచేసి వచ్చినవాడే. చెప్పులు తొడుక్కుని దిగింది.

రేషను దుకాణం ముందు వరస రోడ్డు దాకా ఉంది. కట్టెల లారీ ఒకటి ఇరుకులో తిరగలేక ముందుకీ వెనక్కీ పోతూ దుమ్ము లేపుతోంది. ఆడవాళ్లంతా కొంగులు ముక్కులకి అడ్డం పెట్టుకున్నారు. పద్మకుమారి కూడా కొంగు రెండు మడతలు వేసి ముక్కూ నోరూ కలిపి గట్టిగా అదిమి పట్టుకుంది. లారీ ఎంతకీ కదలలేదు. కొంగు కింద ఊపిరి వేడెక్కింది. వదిలిన ఊపిరే తిరిగి ముక్కులోకి వస్తోంది. చెమట పట్టింది. తల దిమ్మెక్కింది. కొంగు కాస్త సడలించింది. చల్లగాలి తగిలి ప్రాణం లేచి వచ్చింది.

ఆమె అలాగే నిలబడిపోయింది.

సందు లేకుండా బిగించిన మాస్కు. లోపలికి గాలి పోతుంది సరే. ఆయన వదిలిన ఊపిరి ఎటు పోతోంది?

"దీదీ, ఆగే బఢో," అంది వెనకావిడ, ముందుకి జరగమని భుజం తడుతూ.

ముందు ఇద్దరే ఉన్నారు. పద్మకుమారి వరసలోంచి బయటికి వచ్చేసింది. మొదట గబగబా నడిచింది. లారీ పక్కనుంచి ఒత్తుకుని దాటాక పరుగెత్తింది. ఫోన్ చేసింది. తమ్ముడు ఎత్తలేదు. మళ్లీ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. సంచీ ఎక్కడ పడిపోయిందో చూసుకోలేదు.

తలుపు తోసేసరికి ముందు కనిపించింది తమ్ముడు. కుర్చీలో గడ్డం గుండెకి ఆనించి నిద్రపోతున్నాడు. నేల మీద పడ్డ ఫోను వెలిగి ఆరుతోంది. మెషీను మాత్రం బుద్ధిగా పనిచేస్తోంది.

మంచం మీద తవిటయ్య ముఖం ముదురు వంకాయ రంగులోకి తిరిగింది. మెడ మీద చెమట. మాస్కు లోపలంతా ఆవిరి పట్టి నీటి చుక్కలు కారుతున్నాయి. రొమ్ము మాత్రం పెద్దపెద్దగా లేచి పడుతోంది, బరువు మోస్తున్నట్టు. కుడిచెయ్యి దుప్పటి అంచుని పట్టుకుని లాగుతోంది. వదిలి మళ్లీ లాగుతోంది.

"ఏవండీ!"

కళ్లు తెరవలేదు.

నల్ల టేపుకి గోరు దొరకలేదు. పళ్లతో పట్టి లాగింది. చివర ఊడింది. పర్రున చించేసరికి స్ మని గాలి ఆమె చెంపకి కొట్టింది, వేడిగా. వెనక చెయ్యి పెట్టి పట్టీ ఊడదీసి మాస్కు లాగేసింది. భుజాలు పట్టుకుని కుదిపింది.

"ఏవండీ! లెగండి! ఓలమ్మో, లెగండి!"

తవిటయ్య ఒక్క పెద్ద ఊపిరి తీసుకుని కళ్లు తెరిచాడు. కాసేపు ఆమెను గుర్తుపట్టనట్టు చూశాడు. మంచం పక్కకి వంగి వాంతి చేసుకున్నాడు. తల రెండు చేతులతో పట్టుకున్నాడు.

గౌరీశంకర్ లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది.

"ఏటైంది? ఏటైంది అక్కా?"

ఆమె చెయ్యి విదిలించింది. చేతిలో టేపు ముక్క వేళ్లకి అంటుకుని వదలడం లేదు.

"టేపెందుకు పీకేసేవు?" అన్నాడు తవిటయ్య. నాలుక మందంగా ఉంది. "లీకు..."

"లోపలికి గాలి తోల్తంది సరే. నువ్వొగ్గిన ఊపిరి ఎటెల్లాల? సెప్పు, ఎటెల్లాల?" ఆమె ఎప్పుడూ మొగుణ్ణి నువ్వు అనలేదు. అన్నట్టు ఆమెకే తెలియలేదు. "నీ ఊపిరి నువ్వే తాగుతన్నావు!"

తవిటయ్య మాస్కు చేతిలోకి తీసుకుని చిల్లులు చూశాడు. చాలాసేపు చూశాడు. వరసగా, ఒకే కొలతగా పోసిన చిల్లులు. పగిలి పడ్డవి కావు.

"బ్లీడరు," అన్నాడు నెమ్మదిగా.

గౌరీశంకర్ నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. గ్యాస్ లైను పైన చివర్లో ఒక గొట్టం ఉంటుంది, లోపలున్నది బయటికి పోవడానికి. దాన్ని బ్లీడరు అంటారు. అది మూసి లైనులోకి కొత్త గాలి తోలరు. చేరిన వారంలోనే ఎవరికైనా నేర్పే సంగతి. ఇద్దరూ కలిసి సబ్బు రాసి మరీ దాన్ని మూశారు.

"కలొచ్చింది," అన్నాడు తవిటయ్య. ఎవరినీ చూడకుండా గోడ వైపు చూస్తూ చెప్పాడు. "లోపలికి నేను దిగేను. ఊపిరాడ్డం నేదు. తాడు లాగేను. మల్లీ లాగేను. ఎవుడూ లాగనేదు."

పద్మకుమారి తమ్ముడి వైపు చూసింది. అతను నిద్రపోయాడని తవిటయ్యకి తెలియదు. ఆమె చెప్పదు. చెప్పదని గౌరీశంకర్‌కి తెలుసు.

పడిన కుర్చీని అతను లేపలేదు. దాని వంకే చూస్తూ అన్నాడు.

"కూకున్నాను బావా."

తవిటయ్య తల తిప్పి అతని కళ్లు చూశాడు. నిద్ర ఎరుపు ఇంకా ఉంది. "నీళ్లు తే," అన్నాడు. గౌరీశంకర్ పరుగున వెళ్లి చెంబుతో తెచ్చాడు.

ఆ సాయంత్రమే ముగ్గురూ డాక్టరు దగ్గరికి వెళ్లారు. టేపు సంగతి విని ఆయన పెన్ను కింద పెట్టి ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. వాళ్లు స్కూలు పిల్లల్లా నేల చూశారు. చిల్లులు జన్మలో మూయొద్దన్నాడు. చుక్కల సీసా అడిగి తీసుకుని చెత్తబుట్టలో వేశాడు. ఎక్కువ రోజులు వాడితే ముక్కుని బిగించేది అదేనన్నాడు. ఉప్పునీళ్ల మందుతో కడుక్కోమన్నాడు. మాస్కు కింద వేలు దూరేంత వదులు ఉండాలన్నాడు. డబ్బాలో మరగకాచి చల్లార్చిన నీళ్లు పోయమన్నాడు.

స్మిత డబ్బాలో నీళ్లు పోస్తూ, "మైనే బోలా థా," అంది, నేను ముందే చెప్పాను కదా అన్నట్టు.

"బోలా థా, బోలా థా," అన్నాడు తండ్రి. "నీళ్లు పొయ్యి."

మర్నాడు షిఫ్టు దిగాక గౌరీశంకర్ ఎవరూ పిలవకుండానే వచ్చాడు. కుర్చీ తీసుకెళ్లి వసారాలో పెట్టి, గోడకి భుజం ఆనించి నిలబడ్డాడు. అక్క టీ ఇస్తే నిలబడే తాగాడు. తవిటయ్య పట్టీ వదులు చేసి వేలు దూర్చి చూసుకున్నాడు. వేలు తీశాక అలవాటుగా మళ్లీ బిగించబోయాడు.

"బావా."

చెయ్యి ఆగింది.

గాలి ఈసారి తడిగా, గోరువెచ్చగా వచ్చింది. ఒక ముక్కు మూసుకునే ఉంది. రెండోది కొంచెం తెరుచుకుంది. చిల్లుల్లోంచి స్ స్ అంటోంది. అతని కాలు ఒకసారి ఉలిక్కిపడి ఆగింది. వంటగదిలో పద్మకుమారి వింటోంది. సన్నం, పెద్ద. సన్నం, పెద్ద.

ముక్కు ఒక్కరోజులో బాగుపడలేదు. చుక్కలు మానిన కొత్తలో ఇంకా కష్టపడ్డాడు. లేచి కూర్చున్న రోజులున్నాయి, మాస్కు విసిరేసిన రోజులున్నాయి. ఎండలు ముదిరేసరికి పట్టీ గాటు మానింది. డాక్టరు ఫిట్ అని రాశాడు. ఆ కాగితం తవిటయ్య జేబులో పెట్టుకుని గ్యాంగు దగ్గరికి వెళ్లాడు గానీ తీసి ఎవరికీ చూపించలేదు. దూరంగా నిలబడ్డాడు.

లైను మూత తెరిచి ఉంది. గౌరీశంకర్ ఊపిరి సెట్టు తగిలించుకుంటున్నాడు. మాస్కు బిగించుకుని, మళ్లీ బిగించుకుని, నడుముకి తాడు ముడేశాడు. రెండో కొస పట్టుకోవడానికి గ్యాంగులో కుర్రాడొకడు చెయ్యి చాపాడు.

గౌరీశంకర్ ఇవ్వలేదు. కొసను పట్టుకుని ఇనుప మెట్ల మీదుగా కిందికి దిగి, తవిటయ్య దగ్గరికి నడిచి వచ్చి, అతని అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు. మాస్కులోంచి మాట బయటికి రాలేదు. వెనక్కి తిరిగి, ఎక్కి, లోపలికి దిగాడు.

తవిటయ్య మెట్లెక్కి మూత దగ్గర నిలబడ్డాడు. పక్కన బకెట్టు బోర్లించి ఉంది. కాలితో దాన్ని దూరంగా తోశాడు. తాడు మెల్లగా లోపలికి జారుతూ పోయి ఒకచోట ఆగింది. పైన బ్లీడరులోంచి స్ మని పోతోంది. అతను తాడునే చూస్తున్నాడు.

తాడు ఒకసారి బిగిసింది.

తవిటయ్య ఒకసారి లాగాడు.